దొర బండిలో బాలమణి

వెట్టి చెల్లదని సర్కారు హుకుం జారీచేసి అప్పటికే ఏళ్ళు గడిచాయి. దాని నకలు నా పెట్టెలో నేటికీ భద్రంగా ఉంది. అయినా 1944లో సిద్దిపేట దగ్గరి మా పల్లెలో దొర బండి కదిలితే దాని ముందు మైసయ్య పరుగెత్తవలసిందే. బండి ఖాళీగా పోయినా పరుగెత్తవలసిందే! ఎందుకని అడిగితే పెద్దలు చెప్పే జవాబు ఒక్కటే: పూర్వజన్మ కర్మ. పరుగెత్తించేవాడి కర్మ సంగతి మాత్రం ఏ పెద్దా విప్పి చెప్పలేదు. మైసయ్య నమ్మాడు, పరుగెత్తాడు.

ఆ ఉదయం సిద్దిపేటలో ఉన్న దొరను తెచ్చేందుకు ఖాళీ బండి బయలుదేరింది. అదే వేళకు మైసయ్య భార్య బాలమణి నొప్పులతో మెలికలు తిరుగుతోంది. మంత్రసాని లచ్చవ్వ బయటికి వచ్చింది.

"బిడ్డ అడ్డం తిరిగింది, కొడుకా. నాతోని కాదు. సిద్దిపేట దవాఖానకు తీస్కపో. లేకుంటే ఇద్దరూ దక్కరు."

"దేంట్ల తీస్కపోవాలె, అవ్వా?"

అప్పుడే బండి వాకిట ఆగింది. తోలే దుబ్బయ్య కేకవేశాడు.

"ఏందిరా మైసిగా, ఇంకా గాడనే ఉన్నవ్? ఉరుకు!"

మైసయ్య లోపలికి దూకి, భార్యను ఎత్తుకొచ్చి, బండిలో దొర పరుపు మీద పడుకోబెట్టాడు!

"ఓరి నీ! దొర కూసునే జాగల నీ పెండ్లామా? ఇద్దరి బొక్కలు ఇరగ్గొడ్తడురా!"

"ఉత్త బండి ముంగట ఉరుకుడు నా కర్మ అంటిరి గదనే! అయితే నిండు బండి తోలుడు నీ కర్మ. పోనీ, అన్నా!"

బాలమణి పెట్టిన కేకకు దుబ్బయ్య ఎడ్లను అదిలించాడు. లచ్చవ్వ ఎక్కి పరదా దించింది. ముందు మైసయ్య పరుగు!

దారి ఊళ్ళవాళ్ళకు తెలిసింది ఒక్కటే, అది దొర బండి. అరుగుల మీది వారు లేచి నిలిచారు, చెప్పులు విడిచారు, నడుములు వంచారు. ఎదురు బండ్లు చేలల్లోకి దిగి దారి ఇచ్చాయి. పరదా వెనుక మూలుగు విని, వంగిన నడుము ఎత్తకుండానే ఒక పటేలు అడిగాడు:

"దొరకు పానం బాగలేదా?"

"కడుపు నొప్పి!" అన్నాడు దుబ్బయ్య.

మైసయ్య కాళ్ళు నేలకు ఆనలేదు. అన్నాళ్ళూ పరుగెత్తింది ఒకరు విధించిన పరుగు. ఇది తాను పూనుకున్నది. అవే కాళ్ళు, అదే దారి! ఆ తేడా అతనికి ఒళ్ళంతా పాకింది.

దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ దక్కింది. గోడకానుకుని మైసయ్య నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో దుబ్బయ్యకు అర్థం కాలేదు.

"ఇగ దొర కాడికి పోవాలె. ముంగట ఉరుకవారా?"

"ఉరుక. నా బిడ్డ మొకం ఇంకా సూడలే. తొవ్వ ఎడ్లకు ఎరుకే గదా!"

దెబ్బలు పడనే పడ్డాయి. వీపు వాచింది గాని, ఆ తరువాత ఏ బండి ముందూ అతని కాళ్ళు కదలలేదు.