ఆకు వండని ఇల్లు

ఈ మధ్య నా కంచంలో సగం ఆకుకూరలే. మా డాక్టరుది నా మనవడి వయసు. రోజూ ఒక ఆకుకూర, ఏదో ఒక పండు తప్పకుండా తినాలని చెప్పి, అన్నం మాత్రం బాగా తగ్గించాడు. పొద్దున బొప్పాయి ముక్కలు, మధ్యాహ్నం తోటకూర. నిన్న నేను ఆ తోటకూరను అదేపనిగా నములుతుంటే మా ఆవిడ చూసి, "గట్ల మేక లెక్క నములుడెందుకు, మింగరాదుండ్రి" అంది. నవ్వాను. మేకల మాట ఎత్తితే నాకు తాండూరు గుర్తొస్తుంది, అక్కడి మా పెద్దనాయన గుర్తొస్తాడు.

పెద్దనాయన అంటే మా నాయనకు అన్న. తాండూరు చివర నాపరాళ్లు పరిచిన ఇల్లు, ఇంటికి కాస్త దూరంలో కంది చేలు, ఒక బావి, దొడ్లో మేకలు. నైజాం పాలన పోయిన కొన్నేళ్లకు కాస్త కలిసొచ్చిన రైతు. ఆ రోజుల్లో ఎవరికి కలిసొచ్చిందీ వాళ్ల వంటింటి వాసనే చెప్పేది. జొన్నరొట్టె స్థానంలోకి సన్నబియ్యం వచ్చేది, చుట్టం వస్తే కోడి తెగేది. మా పెద్దనాయన ఇంకో మెట్టు ఎక్కి, ఇంట్లో ఆకుకూర వండకూడదన్నాడు. శ్రావణంలో కలుపు తీసే ఆడవాళ్లు సాయంత్రం మా చేలోంచి గంగవాయిలి కూర, తోటకూర ఒడి నిండా ఏరుకుని పోతుంటే గట్టు మీద నిలబడి, "తీసుకపోండ్రి, అంతా తీసుకపోండ్రి, నా చేను సాపైతది" అనేవాడు. దొడ్లో నీళ్లు పారే మోరీ పక్కన తనంతట తానే మొలిచిన బొప్పాయి చెట్టుకు కాయలు పండి చిలకల పాలయ్యేవి. పండంటే ఆయన లెక్కలో మంచాన పడ్డవాడికి చుట్టాలు తెచ్చే వస్తువు. మంచిగున్న మనిషి పండు తింటే రోగాన్ని పిలిచినట్టే.

ఇదంతా ఉత్త డాబు అనుకునేవాణ్ని చాలాకాలం. అసలు సంగతి పెద్దమ్మ చెప్పింది. ఆయన చిన్నతనంలో ఒక కరువు ఏడు ఇంట్లో గింజ లేక, గట్ల మీద దొరికిన ఆకల్లా ఉడకబెట్టుకుని తిన్నారట. ఆయన చెల్లెలు, ఇంకా మాటలు సరిగా రాని పిల్ల, ఆయన ఒళ్లోనే పోయింది. పోయేటప్పుడు పెదాల మీద పచ్చటి పసరు ఉంది. ఆ పిల్లను చంపింది ఆకలి అని ఊరందరికీ తెలుసు. అన్న లెక్కలో మాత్రం చంపింది ఆకే.

ఆ ఇంట్లో మళ్లీ ఒక చిన్నపిల్ల పెరిగింది. పెద్దనాయన ఒక్కగానొక్క కూతురు కాన్పులో చనిపోతే, ఆ పసిగుడ్డును అమ్మమ్మా తాతా సాకారు. ఆ పిల్ల తాత చేత్తో పెడితేనే తినేది. ఆయన పెట్టేదేమో తెల్లటి అన్నం, పల్చటి మజ్జిగ, నంచుకోవడానికి చక్కెర. తన చెల్లెలికి దొరకని తిండి కాబట్టి అంతకన్నా మంచిది లోకంలో లేదని ఆయన నమ్మకం. నాలుగేళ్లు వచ్చేసరికి పిల్ల పొద్దుగూకగానే గోడలు తడుముకోవడం మొదలుపెట్టింది. వాకిట్లో కట్టేసిన మేకపిల్ల మీద పడేది. "మా బిడ్డది కోడి జాతి, చీకటైతే కనబడదు" అని పెద్దనాయన అంటే అందరం నవ్వేవాళ్లం. పిల్ల కూడా నవ్వేది, అయితే మేము ఉన్న దిక్కుకు కాకుండా ఇంకో దిక్కుకు తిరిగి.

అప్పటికి నేను హైదరాబాదులో ఒక పత్రికలో కొత్తగా చేరాను. సెలవు మీద వచ్చినప్పుడు పిల్ల వాలకం చూసి, వికారాబాదులో మంచి డాక్టరున్నాడని తెలిసి, తాతనూ మనవరాలినీ రైలెక్కించాను. డాక్టరు పిల్ల రెప్పలు విప్పి చూశాడు. ఏం తింటుందని అడిగాడు. "ఇది రేచీకటి. రోజూ ఆకుకూర పెట్టండి, పప్పులో మెదిపైనా సరే. పండిన బొప్పాయి పెట్టండి, మామిడికాలం వస్తే మామిడి. ఇప్పటికి తిండే మందు. ఆలస్యమైతే మాత్రం కళ్లే పోతాయి" అన్నాడు.

బయటికి రాగానే పెద్దనాయన రుమాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "గింత దూరం రైలెక్కొస్తే ఆకు పెట్టుమంటడు. తన తాన మందు లేదని చెప్పనీకి సిగ్గైనట్టున్నది."

"చదువుకున్నాయన చెప్పిండు, జర పెట్టి చూద్దాం పెద్దనాయినా" అన్నాను.

"గట్లనే పేపర్ల రాయి, మా మేకలకు చూపు మస్తుగుంటదని."

మర్నాడు పెద్దమ్మ ధైర్యం చేసింది. కూలి మనిషిని అడిగి గుప్పెడు తోటకూర తీసుకుని పప్పులో మెదిపి, అన్నంలో కలిపి పిల్ల ముందు పెట్టింది. పిల్ల నోరు బిగబట్టి, "తాత పెడితెనే తింట" అంది. తాత వచ్చి కంచం చూశాడు.

"పప్పుల గా పచ్చగ ఏంది?"

"డాక్టర్ సాబ్ చెప్పిండు గద."

"ఆకులు మేకలు తింటయి. నా బిడ్డ మేకనా?"

"నీ బిడ్డ కండ్లు పోతయట" అంది పెద్దమ్మ. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు.

ఆయన కూర్చున్నాడు. ముద్ద కలిపి పిల్ల పెదాల దాకా తెచ్చాడు. పిల్ల నోరు తెరిచింది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.  ముద్దను కంచంలోనే వదిలి, చెయ్యి కడుక్కుని, "నాతోని కాదు" అని చేనుకు పోయాడు. పిల్ల చాలాసేపు నోరు తెరుచుకునే ఉంది.

ఆ తర్వాత ఆయన చేయనిది లేదు. తాయెత్తు కట్టించాడు, దర్గాకు పోయి ఫాతిహా ప్రార్థన చదివించాడు, తాండూరు బజారులో దొరికిన కంటి చుక్కలన్నీ తెచ్చాడు. డాక్టరు చెప్పిన ఆకూ పండూ పెట్టడం తప్ప. దసరా ముందు పిల్లకు తట్టు పోసింది. గుమ్మానికి వేపమండలు కట్టి, గది చీకటి చేసి పడుకోబెట్టారు. ఒంటి మీది పొక్కులు మాడాయి గానీ రెప్పలు విడలేదు. విడిన రోజున చూస్తే రెండు కళ్లలోనూ తెల్లగా పువ్వు వేసి ఉంది.

మళ్లీ అదే రైలు, అదే డాక్టరు. ఆయన ఈసారి కూడా ఒక్క కోపపు మాట అనలేదు. "చూపు ఇక రాదు. పిల్ల బతకాలంటే మాత్రం అప్పుడు చెప్పినవి పెట్టు, పెద్దాయనా" అన్నాడంతే.

వికారాబాద్ ప్లాట్‌ఫారం మీద అనంతగిరి గుట్టల నుంచి దిగిన ఆడవాళ్లు సీతాఫలాల గంపలు పెట్టుకుని కూర్చున్నారు. పిల్ల తల ఎత్తింది. "తాతా, ఏందో తియ్యటి వాసనొస్తున్నది." ఆయన గంప అంతా కొన్నాడు. "ఇంట్ల పెండ్లా ఏంది, పెద్దాయనా?" అని గంప ఆమె నవ్వింది. ఆయన అక్కడే రాతి అరుగు మీద కూర్చుని, పండు విప్పి, గింజలు తీసి, వేలితో గుజ్జు పెట్టాడు. రైలొచ్చినా, రైలెక్కినా పెడుతూనే ఉన్నాడు.

"మస్తు తియ్యగున్నది. ఇన్ని దినాలు గిది లేకుండెనా, తాతా?" అని అడిగింది పిల్ల.

"ఉండె, బిడ్డా."

మర్నాడు తనే చేనుకు పోయి తోటకూర కోసుకొచ్చి పెద్దమ్మ ముందు పెట్టాడు. వండాక మొదటి ముద్ద తన నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఎంతో కష్టంగా మింగాడు. రెండో ముద్ద పిల్లకు పెట్టాడు. పిల్ల బతికింది. ఎదిగి పెద్దదైంది. ఆయన పోయేదాకా ఆమెకు ముద్ద ఆయన చేత్తోనే.

చల్లిన తోటకూర విత్తు నెల తిరగకముందే కోతకొస్తుంది. మా పెద్దనాయన చెయ్యి కంచం నుంచి నోటి దాకా ఆ జానెడు దూరం దాటడానికి తన చిన్ననాటి కరువు నుంచి ఆ రోజు దాకా పట్టింది. కాలం ఆయన కోసం అంతసేపు ఆగింది గానీ, ఆ పిల్ల కళ్ల కోసం ఒక్క వానకాలం కూడా ఆగలేదు.