చిన్నమ్మ పట్టుపురుగులు

హిందూపురం దగ్గర పల్లెలో మా చిన్నమ్మ పట్టుపురుగులు పెంచేది. తలచుకుంటే చాలు, ఆమె పురుగును రెండు వేళ్లతో ఎత్తి వెలుగులో పెట్టి చూస్తూ కనిపిస్తుంది. దాని ఒంట్లోంచి వెలుగు పారితే పండినట్టు, ఇక గూడు కడుతుందన్నమాట. ఆమె అంచనా తప్పేది కాదు.

ఏళ్ల తరబడి పురుగుల షెడ్డులో చల్లే సున్నం, మందుపొడి పీల్చి ఆమెకు ఆయాసం పట్టుకుంది. లోపల అడుగుపెట్టొద్దన్నాడు డాక్టరు. పనంతా చిన్నాయన మీద పడింది. నేను ధర్మవరం నుంచి సెలవులకు వెళ్లేసరికి చిన్నమ్మ షెడ్డు బయట గోడకానుకొని కూర్చుని ఉంది.

"లోపలికి పోయి ఒగ పురుగు పట్టుకరా పాపా" అంది.

అరచేతిలో పెట్టుకుని తెచ్చాను. ఎండకేసి ఎత్తి చూసింది.

"పండినాయి. ఇంగ ఆకు ఎయ్యొద్దని చెప్పు మీ చిన్నాయనకు."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం తేటపడింది.

ఆ పంట బాగానే వచ్చింది. కానీ ఒక్కడి వల్ల కాక, మరుసటేడు చిన్నాయన మల్బరీ తోట తీసేసి మొక్కజొన్న వేశాడు. కొన్నాళ్లకు చిన్నమ్మకు ఫోను చేసి ఆయాసం ఎట్లుందని అడిగాను.

"తగ్గిపోయినాది పాపా. ఊపిరి బాగా ఆడతాండాది" అంది. మళ్లీ తనే, "ఇప్పుడు నాతో ఎవురికీ పని పడదు" అంది.

అన్నం తిన్నావా అని అడిగి ఫోను పెట్టేశాను.

ఆమె పోయి రెండేళ్లయింది. ఫోనులో ఆమె ఆ మాటన్న రోజు ధర్మవరంలో బస్సెక్కి ఉంటే సాయంత్రానికి ఆమె పక్కన కూర్చునేదాన్ని. ఎక్కలేదు.