చందనం చెదరని బోల్టు

నా చిన్నప్పుడు మా బావికి ఇద్దరు యజమానులు ఉండేవారు. ఒకరు మా నాన్న, ఇంకొకరు మా పెదనాన్న. తుడియలూరుకు అవతల, ఒకే గట్టుకు అటూ ఇటూ రెండు కుటుంబాల పొలాలు, మధ్యలో ఆ బావి. మా వైపు బావి అంటే గిలక వేసి చేదుకునేది కాదు. రాతిని తొలిచి ఇల్లంత వెడల్పున తవ్విన పెద్ద గుంత. గోడ వెంబడి రాతి మెట్లు దిగితే సగం లోతులో ఒక తిన్నె, దాని మీద మోటారూ పంపూ. ఒక రోజు నీళ్లు మాకు, మరుసటి రోజు వాళ్లకు. ఎవరి వంతును వాళ్ల మొర అనేవాళ్లం. సాయంత్రం మిల్లు సైరన్ మోగగానే మొర మారేది. ఎవరింటి గడియారం ముందు నడిచినా వెనక నడిచినా ఆ కూతతో ఎవరికీ పేచీ ఉండేది కాదు.

పేచీ వచ్చింది పాత మోటారు తీసి పెద్దది వేసిన ఏడాది. మా మొర రోజు నాన్న స్విచ్చు వేస్తే మోటారు తిరిగేది, నీళ్లు మాత్రం వచ్చేవి కావు. దిగి చూస్తే, నీళ్లు పీల్చే గొట్టాన్ని పంపుకు పట్టి ఉంచే బోల్టులు వదులై ఉండేవి. ఆ సందులోంచి గాలి దూరితే పంపు ఇక నీళ్లను లాగలేదు. నాన్న వాటిని బిగించి, పంపులో కుండలతో నీళ్లు పోసి, మళ్లీ నడిపించేసరికి ఒక పూట గడిచిపోయేది. మర్నాడు పెదనాన్నకూ అదే అవస్థ. తన మొర కాగానే అన్న బోల్టులు వదులు చేసి పోతున్నాడని నాన్న అనుకున్నారు. ఆ పని చేసేది తమ్ముడేనని పెదనాన్న అనుకున్నారు. రెండు పొలాల్లోనూ చిన్న ఉల్లి గడ్డ కట్టే సమయం. ఒక్క పూట నీళ్లు తప్పినా గడ్డ సన్నబడిపోతుంది.

మొదట మాటలు తగ్గాయి. తర్వాత అమ్మా పెద్దమ్మా ఒకరినొకరు చూడకుండా వాకిలి ఊడ్చుకోవడం మొదలుపెట్టారు. పెదనాన్న వేరే బావి తవ్విస్తానన్నారు. నాన్న రెండిళ్ల మధ్య వాకిట్లో గోడ కట్టిస్తానని ఒక బండి ఇటుకలు దింపించారు. నాకు బావి దిగులు లేదు, గోడ దిగులే. పొద్దున మా ఇంట్లో అన్నం, సాయంత్రం పెద్దమ్మ వంటింట్లో పలహారం, ఇదీ నా దినచర్య. ఆ ఇటుకల కుప్ప చుట్టూ తిరిగి పెద్దమ్మ గడప దాకా వెళ్లి, లోపలికి అడుగు పెట్టాలా వద్దా అని నిలబడిపోయేదాన్ని.

ఆయుధ పూజ మాత్రం ఎప్పటిలాగే ఇద్దరూ కలిసి చేయాలని అవ్వ అంది. నాన్ననూ పెదనాన్ననూ కన్న మనిషి మాట కాబట్టి ఇద్దరూ బావిలోకి దిగారు. ఒకరు చూస్తుండగా ఒకరు అన్ని బోల్టులూ బిగించారు. ఒకరు బిగించినదాన్ని ఇంకొకరు పట్టి చూశారు కూడా. అవ్వ మెట్లు దిగలేదు గనక బొట్టు పెట్టే పని నాకు వచ్చింది. ఒక్కో బోల్టు తల మొత్తానికీ చందనం పట్టించి, పై అంచున కుంకుమ పెట్టాను. బొట్టు నుదుటికి ఎగువనే ఉండాలని అవ్వ పట్టుదల, నేను బోల్టులకూ ఆ నియమమే పాటించాను. ఆ రోజు మోటారుకు సెలవు. మర్నాడు పెదనాన్న మొర, సైరన్ కూసేదాకా పంపు నడిచింది. ఆ తర్వాతి రోజు పొద్దున నాన్న స్విచ్చు వేశారు. నీళ్లు రాలేదు.

నాన్న గొంతు బావిలోంచి ఇంటిదాకా వినిపించింది. నాన్న మెట్లెక్కి పైకి వచ్చేసరికి పెదనాన్న గట్టు మీదికి పరిగెత్తుకొచ్చారు.

"పూజ చేసిన బోల్టురా అది! దాని మీద చెయ్యి పెట్టేదానికి నాకేమన్నా పిచ్చా?"

"పిచ్చి నీకేమిటికి, అన్నా? నీ ఉల్లి తడిసింది కదా!"

పండక్కి వచ్చిన మా మేనమామ అక్కడే గట్టు మీద కూర్చుని పూజ బొరుగులు తింటున్నాడు. ఆయన ఒక మిల్లులో ఫిట్టరు. మా అమ్మ తమ్ముడు కాబట్టి ఆయన ఏం చెప్పినా పెదనాన్న దాన్ని మా పక్షం మాటగానే తీసుకునేవారు. అది ఆయనకూ తెలుసు. అందుకే ఎవరితోనూ ఏమీ అనకుండా టార్చి తీసుకుని, బొరుగులు నా ఒళ్లో పోసి, నన్ను వెంటబెట్టుకుని మెట్లు దిగాడు.

తిన్నె మీద మామ చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూశాడు. దేన్నీ ముట్టలేదు. నన్ను ఆయన ముద్దుగా కన్ను అని పిలిచేవాడు.

"కన్ను, బొట్టు ఏ పక్క పెట్టినావు?"

"పైన, మామా. అన్నిటికీ పైనే."

టార్చి వెలుగులో చూశాను. కొన్నిటి బొట్టు నేను పెట్టిన చోటే ఉంది. రెండు బోల్టుల బొట్టు మాత్రం ఎడమ పక్కకు వచ్చేసింది, తల వాల్చి నిద్రపోతున్న మనిషి బొట్టులాగా. చుట్టూ నేను పట్టించిన చందనం ఆరి, ఎక్కడా గీత పడకుండా అలాగే ఉంది. మామ బిగువుగా ఉన్న ఇంకో బోల్టుకు స్పానర్ ఒకసారి తగిలించి వెనక్కి తీశాడు. దాని చందనం పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఆయన నా మొహం చూశాడు, నేను ఆయన మొహం చూశాను.

"పైకి పోయి ఇద్దర్నీ పిలువు. బోల్టు వదులు చేసింది ఎవురో తెలిసిపొయిందని చెప్పు. పేరు మాత్రం చెప్పొద్దు."

ఆ మాట చెప్పగానే ఇద్దరూ మెట్ల మీద ఒకరినొకరు తోసుకుంటూ దిగారు. దొరికిపోయింది ఎదుటివాడేనని ఇద్దరికీ నమ్మకం. ఇరుకు తిన్నె మీద భుజాలు రాసుకుంటూ నిలబడి ఒకేసారి "ఎవురు?" అన్నారు.

"చెప్పు కన్ను," అన్నాడు మామ.

"ఎవురూ లేదు. తనంతట అదే తిరిగింది," అన్నాను. బొట్లు చూపించాను. రాలిన చందనమూ చెదరని చందనమూ చూపించాను.

పెదనాన్న చాలాసేపు వంగి చూశారు. నాన్న గోటితో చందనాన్ని మెల్లగా గీకి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు. అప్పుడు మామ మోటారు వేసి, ఇద్దరి అరచేతులూ పంపు మీద పెట్టించాడు. కొత్త మోటారు అదురుకు వాళ్ల మోచేతుల దాకా వణకడం నాకు కనిపించింది. లెక్క కూడా అప్పుడే తట్టింది. ఎవరు బిగిస్తే ఆ రోజు వాళ్లకు నీళ్లు వస్తాయి. రోజంతా అదిరి అదిరి బోల్టు వదులయ్యే వేళకు మొర మారుతుంది. అందుకే ఇద్దరికీ ఎదుటివాడే దొంగగా కనిపించాడు.

ఆ తర్వాతి ఆదివారం, తలలకు అడ్డంగా చిల్లు తొలిపించిన కొత్త బోల్టులూ, సన్నని ఇనుప తీగా, ఒక వింత కొరడూ మామ తెచ్చాడు. పట్టకారును మేము కొరడు అంటాం. ఇది విమానాల మరమ్మతుకు చేసిందట, పాత ఇనుము అంగట్లో దొరికిందట. తీగ రెండు కొసలనూ దాని నోట్లో కరిపించి తాళం వేస్తే ఇక వదలదు. వెనక ఉన్న గుండీని పట్టి లాగితే కొరడు మొత్తం బొంగరంలా తిరిగి, రెండు తీగలనూ జడలా పేనేస్తుంది. ఆ గుండీ లాగే పని నాకిచ్చాడు. అంత సంతోషం నాకు ఏ బొమ్మతోనూ కలగలేదు.

తీగను ఒక బోల్టు తలలోంచి దూర్చి, పేని, పక్క బోల్టు తలలోకి తీసుకుపోయి, మళ్లీ పేని, కొసను ఎవరికీ గుచ్చుకోకుండా లోపలికి మడిచాడు. బోల్టు ఊడే వైపు కదలబోతే తీగ దాన్ని బిగిసే వైపు లాగి పట్టుకోవాలి. జతలో ఒకటి వదులు కావాలంటే రెండోది ఇంకా బిగుసుకోవాలి. అది జరగదు కాబట్టి రెండూ కదలవు. తర్వాతి జత తాను కడతానని పెదనాన్న కొరడు తీసుకుని, తీగను సరిగ్గా తప్పు పక్కనుంచి తిప్పారు. అలా కడితే బోల్టు తీగను తెంపకుండానే ఊడిపోతుందని మామ దాన్ని కత్తిరించేశాడు.

నాన్న పకపకా నవ్వారు. "ఏ పక్క తిరిగితే ఊడతాదో తెలియని మనిషి మీదనా అన్నా, నేను ఇన్నాళ్లు సందేగపడింది!"

"నువ్వు కట్టి చూపించురా, ఇంజినీరా," అన్నారు పెదనాన్న. నాన్న కట్టారు. అదీ తప్పే. ముగ్గురి నవ్వూ బావి గోడలకు తగిలి పైకి పోయింది. గట్టు మీద అమ్మా పెద్దమ్మా ఏమైందోనని పక్కపక్కన నిలబడి తొంగి చూస్తున్నారు.

ఆ ఏడు రెండు పొలాల ఉల్లీ బాగానే ఊరింది. ఇటుకలతో వాకిట్లో బట్టలుతికే తిన్నె ఒకటి కట్టించారు, ఇద్దరికీ కలిపి. ఎవరూ ఎవరినీ క్షమాపణ అడగలేదు. అడగాల్సిన అవసరం రాకుండా చేసి మామ మిల్లు షిఫ్టుకు వెళ్లిపోయాడు.

నాకు లెక్కలు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. చూసి నేర్చుకున్నవే. ఆ చదువుతోనే తిరుప్పూరులో ఒక బనియన్ల కంపెనీలో సరుకు లెక్క చూసే పని దొరికింది. ఎప్పుడైనా నూలు బరువు తగ్గితే గదిలో వెంటనే ఒక పేరు వినిపిస్తుంది. ఎక్కువసార్లు అది కొత్తగా చేరిన పిల్ల పేరే అయి ఉంటుంది. నేను కుర్చీలోంచి లేచి సరుకున్న చోటికి నడుస్తాను. త్రాసు కింద పలక ఒరిగిందేమో, తడి నూలు ఆరి బరువు తగ్గిందేమో తడిమి చూస్తాను. నేను తిరిగి వచ్చేదాకా ఆ పిల్ల పేరు ఎవరి నోటా రావడానికి వీల్లేదని చెప్పి మరీ వెళ్తాను.