బొజ్జయ్యకు పెట్టిన కళ్లు

ఇల్లందు బస్టాండు ఎదురుగా ఉన్న కవిత డిజిటల్ స్టూడియోలోకి ఎలాంటి ముఖంతో వెళ్లినా, బయటికి వచ్చే ముఖం మాత్రం ఒకటే. నలుపు, చామనఛాయ, మచ్చలు, ముడతలు అన్నీ గడప అవతలే ఆగిపోయేవి. లోపల కోటేష్ కంప్యూటరు ముందు కూర్చుని, ప్రతి మనిషినీ ఉడకబెట్టి ఒలిచిన కోడిగుడ్డులా చేసి పంపేవాడు. గనిలో పనిచేసి పనిచేసి చర్మంలోకి బొగ్గు ఇంకిపోయిన కార్మికులు కూడా అతని ఫోటోల్లో పుట్టినప్పటి నుంచి పాలలోనే మునిగి ఉన్నట్టు కనిపించేవారు. ఒక ఆల్బంలో పెళ్లికొడుకూ పెళ్లికూతురూ అన్నాచెల్లెళ్లలా ఉన్నారని ఎవరో నసిగితే, "రిచ్ లుక్ అంటే గట్లనే ఉంటది" అని కొట్టిపారేశాడు.

కోటేష్‌ది ఊరి పక్కనే ఉన్న తండా. చిన్నప్పుడే తండ్రి పోతే, తల్లి హేమ్లి గని గేటు దగ్గర సీతాఫలాలు, మక్కకంకులు అమ్మి పెంచింది. పదో తరగతి తప్పాక ఖమ్మంలో ఒక స్టూడియోలో పనికి కుదిరాడు. రీలు కెమెరాల కాలం అది. నెగెటివు మీద సన్నటి పెన్సిలుతో మొటిమల గుంతలు పూడ్చడం అక్కడే నేర్చుకున్నాడు. తర్వాత డిజిటల్ కెమెరాలొచ్చి పెన్సిలు మూలపడింది. స్టూడియో యజమాని కొత్తగా కొన్న కంప్యూటరుకు పసుపు కుంకుమ పెట్టి, దండం పెట్టి, దానికి దూరంగా కూర్చునేవాడు. కోటేష్ దగ్గరగా కూర్చున్నాడు. ఫోటోషాప్ పట్టుబడగానే ఇల్లందు వచ్చి, భార్య పేరు మీద సొంత స్టూడియో తెరిచాడు. పేరు పెట్టాక ఫోటో లేకపోతే బాగుండదని అద్దం మీద ఆమె ఫోటో కూడా అంటించాడు. ఆ ఫోటో చూపించి "గీమె ఎవరు?" అని కవితనే అడిగినవాళ్లున్నారు.

నిజానికి అతనికి వచ్చిన విద్యలు రెండే. మొదటిది, ముఖాన్ని గోడ అలికినట్టు నున్నగా అలకడం. రెండోది షార్పెన్, అంటే తాను అలికి పారేసిన ముఖంలో కళ్లనూ వెంట్రుకలనూ వెతికి కొడవలికి సాన పట్టినట్టు మళ్లీ పదునెక్కించడం. ఈ రెండు విద్యల మీద అతనికున్నంత నమ్మకం దేవుడికి తన సృష్టి మీద కూడా ఉండి ఉండదు. "ఎంత మసక ఫోటో అయినా తీస్కరాండ్రి, సాఫ్ చేసి ఇస్త" అని బస్టాండులో అందరికీ చెప్పుకునేవాడు.

2007 వానాకాలంలో బొజ్జయ్య జ్వరం వచ్చి చనిపోయాడు. గనిలో కార్మికుడు, ఇంకా సర్వీసులోనే ఉన్న మనిషి. రెండు రోజుల తర్వాత అతని కొడుకు గణేష్ స్టూడియోకు వచ్చాడు.

"మా నాయినది పెద్ద ఫోటో కావాలె అన్నా. పెద్దదినం నాడు దండ ఎయ్యాలె. చౌరస్తాల ఫ్లెక్సీ గూడ కడుతున్నం."

"చేద్దాం తమ్మీ. ఫోటో ఏది?"

గణేష్ ఒక గ్రూపు ఫోటో తీశాడు. యూనియన్ మీటింగులో తీసింది. వెనక వరసలో, ఎవరో ఎత్తిపట్టిన జెండా కర్ర పక్కన, తల వంచుకుని ఒక మనిషి ఉన్నాడు. ముఖం పెసరగింజంత ఉంది.

"గిదేనా?"

"అవ్. ఆయన ఫోటోలు దిగకపోయేది. గుర్తింపు కార్డు మీదిది చెమటకు చెరిగిపోయింది, చెవి ఒక్కటే మిగిలింది. అది గూడ తెచ్చిన."

కోటేష్ చెవిని కూడా తీసుకున్నాడు.

పెసరగింజను పెద్దది చేస్తే తెర మీద గళ్లు గళ్లుగా వచ్చింది. షార్పెన్ కొట్టాడు. గళ్లకు పదునెక్కింది. ఇంకోసారి కొట్టాడు. బొజ్జయ్య గింజలు సగం రాలిన మక్కకంకిలా తయారయ్యాడు. లేనిదానికి ఎంత సాన పట్టినా లేకపోవడమే ఇంకా స్పష్టంగా కనిపిస్తుందని తెలిసిన మనిషైతే అక్కడే ఆగి, "నాతోని కాదు" అనేవాడు. కానీ కోటేష్ బస్టాండుకంతా మాట ఇచ్చి ఉన్నాడు.

అందుకని బొజ్జయ్యను మొదటి నుంచి కట్టడం మొదలుపెట్టాడు. ముక్కును పాత ఫోటోల్లో ఉన్న ఇంకో కార్మికుడి దగ్గర తెచ్చాడు. మీసం గీశాడు. జుట్టుకు అక్కడక్కడా నెరుపు అద్దాడు. కార్డు మీది చెవిని తెచ్చి పక్కన పెట్టాడు. కళ్ల దగ్గరికి వచ్చేసరికి చిక్కు పడింది. ఊళ్లోవాళ్ల కళ్లు పెడితే ఊళ్లోవాళ్లు గుర్తుపడతారు. కాబట్టి ఎవరూ గుర్తుపట్టని కళ్లు కావాలి. బాగా ఆలోచించి, మహా తెలివిగా, తన పాస్‌ఫోటోలోంచి తన కళ్లు తీసి పెట్టాడు. చుట్టూ నాలుగు ముడతలు వేసి, గట్టిగా షార్పెన్ కొట్టాడు.

అన్నం తెచ్చిన కవిత తెర వంక చూసింది.

"గివి నీ కండ్లు గదా?"

"నువ్వు రోజు చూస్తవు కాబట్టి నీకు గట్ల అనిపిస్తది. వేరేటోళ్లకేం ఎరుక?"

"అబద్ధం చెప్పేటప్పుడు నువ్వు గిట్లనే చూస్తవు" అని ఆమె టిఫిను మూత తీసింది.

పెద్దదినం నాడు ఫోటో అదిరిపోయింది. బొజ్జయ్య తమ్ముడు దూలయ్య దాని ముందు సాగిలపడి, "మా అన్న కండ్లే! గవే కండ్లు! నన్నే చూస్తున్నడు!" అని గుండెలు బాదుకున్నాడు. వచ్చిన చుట్టాలు కూడా అచ్చం బొజ్జయ్యే అన్నారు. బంతిలో కూర్చుని తింటున్న కోటేష్‌కు ఆ ఏడుపు సన్మానంలా వినిపించింది. అసలు సంగతేమిటంటే, బొజ్జయ్య బతికినన్నాళ్లూ తల దించుకునే నడిచాడు, తల దించుకునే మాట్లాడాడు. అతని కళ్లు ఎలా ఉంటాయో ఆ బంతిలో ఎవరికీ తెలియదు.

ఫోటోతోనే ఆగిపోతే బాగుండేది. ఫ్లెక్సీ కూడా పడింది. చౌరస్తాలో కట్టిన ఆ ఫ్లెక్సీ మీద ఒక్కో కన్ను అన్నం తినే కంచమంత ఉంది. కొత్తగూడెం బస్సు దిగినవాళ్లు ముందు ఆ కళ్లను చూసేవారు. నాలుగడుగులు వేసి స్టూడియోలోకి తొంగిచూస్తే, అవే కళ్లు కౌంటరు వెనక కూర్చుని "రాండ్రి, రాండ్రి" అంటుండేవి. మా ఊరివాళ్లకు మిగతా లెక్కలు ఎలా ఉన్నా ఇలాంటి కూడికలు మాత్రం చక్కగా వస్తాయి.

"వాళ్లమ్మ గని గేటు కాడ సీతాఫలాలు అమ్మేది గదా?" అన్నాడొకడు చాయ్ హోటల్లో.

"బొజ్జయ్య రోజు కొనేటోడు గదా?" అన్నాడు ఇంకొకడు.

కొన్న మాట నిజమే. షిఫ్టు దిగినవాళ్లలో సగం మంది హేమ్లి దగ్గరే కొనేవారు. కాకపోతే వాళ్లకింకా ఫ్లెక్సీలు పడలేదు.

ఆ మాట తిరిగి తిరిగి గణేష్ చెవిన పడింది. సర్వీసులో ఉండగా పోయిన తండ్రి ఉద్యోగం కొడుకుగా తనకిమ్మని గని కంపెనీ ఆఫీసు చుట్టూ తిరుగుతున్న రోజులవి. స్టూడియోకు వచ్చి కౌంటరు ముందు నిలబడ్డాడు.

"అన్నా, ఒక మాట అడుగుత, కోపం చెయ్యకు. నువ్వు గూడ దరఖాస్తు పెడుతున్నవా?"

"దేనికి?"

"మా నాయిన నౌకరికి."

కోటేష్‌కు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కౌంటరు మీది ఫోటోలు సర్దడం మొదలుపెట్టాడు. అతికించిన కళ్లని ఒక్క మాట చెబితే అక్కడితో అయిపోయేది. కానీ ఆ మాటతో స్టూడియో పేరు కూడా అయిపోతుంది. కన్నతల్లి పేరును, స్టూడియో పేరును పక్కపక్కన పెట్టి చూసుకుని, స్టూడియో పేరునే కాపాడాడు.

"వట్టి పోలిక తమ్మీ" అన్నాడు.

"పోలికంటే అదే గదా మరి" అని గణేష్ వెళ్లిపోయాడు.

తర్వాతి సంత రోజున హేమ్లి వచ్చింది. స్టూడియో నిండా జనం ఉన్నారు. తల్లీకొడుకులు ఇంట్లో మాట్లాడుకునేది లంబాడీలో. ఆ రోజు మాత్రం బస్టాండుకంతా అర్థం కావాలని తెలుగులో అందుకుంది.

"ఏందిరా కోటేషూ, నీకు కండ్లు ఎవలు ఇచ్చిండ్రు?"

"యాడీ, లోపలికి రా, మెల్లగ మాట్లాడు..."

"లోపలెందుకు? అనేటోళ్లు బయటున్నరు గదా! బుట్ట నెత్తిన పెట్టుకొని ఊరంత తిరిగిన, ఒక్కడు మాట అనలె. మీ అయ్య పోయినంక ఒక్కదాన్నే నిన్ను సాదిన, ఒక్కడు మాట అనలె. గిప్పుడు నా కడుపున పుట్టినోడివి, నువ్వు బటను ఒత్తి నాకు రంకు అంటగట్టినవు. నడువు!"

చొక్కా పట్టుకుని లాక్కుపోయింది. ఫోటోల కోసం వచ్చినవాళ్లు, ఫోటోల సంగతి మరిచిపోయి వెంట నడిచారు.

బొజ్జయ్య భార్య భారతమ్మ క్వార్టరులో పొయ్యి దగ్గర కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. దూలయ్య, గణేష్ అక్కడే ఉన్నారు. ఎదుటి గోడ మీద దండ వేసిన ఫోటో. హేమ్లి కొడుకును దాని కింద నిలబెట్టి, "చెప్పు" అంది.

"పెద్దమ్మా, ఆ ఫోటోల కండ్లు పెద్దయ్యవి కావు. నావి" అన్నాడు కోటేష్. "చిన్న ఫోటోల కండ్లు కనపడలె. నావి తీసి అతికించిన."

దూలయ్య నోరు తెరిచాడు. "మరి ముక్కు?"

"వేరేటాయనది కాకా."

"మీసం?"

"గీసిన."

"మరి ఇందుల మా అన్నది ఏమున్నదిరా?"

"చెవి ఉంది కాకా. చెవి అసలుదే."

సాగిలపడి ఏడ్చిన ఏడుపంతా గుర్తొచ్చి దూలయ్యకు ఒళ్లు మండింది. ఫోటో పీకడానికి గోడ మీదికి లేచాడు.

"దాని జోలికి పోకు దూలయ్యా" అంది భారతమ్మ, చేట పక్కన పెట్టి. "ఆయన కండ్లు కావని నాకు మొదటి రోజే ఎరుక."

"ఎరుకైతే ఎందుకు చెప్పలేదు వదినా?"

"ఏం చెప్పాలె? ఇన్నేండ్ల కాపురంల ఆ మనిషి తలకాయ ఎత్తి నా మొఖం చూసింది లేదు. అన్నం పెడితే కంచం చూసేటోడు. కొడుకు పుట్టిండంటే గోడ చూసిండు. చెడ్డోడు కాదు, చూసుడు రాదు, గంతే. గిప్పుడు నేను పొయ్యి కాడ కూసున్నా, వాకిలి ఊడ్చినా నా దిక్కే చూస్తుండు. కండ్లు ఎవలివైతే ఏంది? ఉండనియ్యి."

గణేష్, తాను పుట్టినప్పుడు తండ్రి చూసిన గోడ ఏదో తెలుసుకోవాలన్నట్టు, ఇంటి గోడలన్నీ ఒకసారి కలియజూశాడు. కోటేష్‌కు తలెత్తాలంటే సిగ్గేసింది. ఎత్తితే ఎదురుగా తన కళ్లే తనను చూస్తున్నాయి. ఊరందరినీ నమ్మించానని ఇన్నాళ్లూ మురిసిపోయాడు. ఎవరికోసం చేశాడో ఆ మనిషి మాత్రం ఒక్క రోజు కూడా నమ్మలేదు. నమ్మకుండానే ఫోటోను గోడకు తగిలించుకుంది.

పెద్ద యుద్ధానికి వచ్చిన హేమ్లి ఏం చెయ్యాలో తోచక కింద కూర్చుంది.

"నీ పెనిమిటి సీతాఫలాలు కొనేటోడు, గంతే" అంది.

"ఎరుకే. పైన నాలుగు పండ్లు పెట్టి కింద కాయలు పెట్టేదానివి. ఇంటికి తెస్తే నేనే తిట్టేదాన్ని."

"అన్నీ పండ్లే ఇచ్చిన."

"కాయలే."

చాయ్ మరిగి పొంగేదాకా ఆ తగువు తెగలేదు. బొజ్జయ్య గురించిన తగువు మాత్రం అక్కడికక్కడే తెగిపోయింది. ఫ్లెక్సీని దూలయ్య ఆ సాయంత్రమే విప్పుకుపోయి తన బర్రెల కొట్టం మీద కప్పుకున్నాడు. ఆ వానాకాలం ఒక్క చుక్క కారలేదని ఒప్పుకున్నాడు కూడా.

తన స్టూడియో పేరు ఇంతటితో మట్టిలో కలిసిందని కోటేష్ కొన్ని రోజులు దిగులుపడ్డాడు. అతనికి జనం సంగతి ఇంకా తెలియదు. "కండ్లు లేని ఫోటోకు గూడ కండ్లు పెడతడంట" అని అడవి లోపలి ఊళ్ల నుంచి సైతం రావడం మొదలుపెట్టారు. ఇప్పుడతను తన కళ్లు ఎవరికీ ఇవ్వడు. పోయినవాళ్ల అన్ననో, కొడుకునో స్టూలు మీద కూర్చోబెట్టి వాళ్ల కళ్లు తీస్తాడు. మీ నాయిన ఎట్ల చూసేటోడు అని అడుగుతాడు. చాలామంది కొడుకులు జవాబు చెప్పలేక పక్కకు చూస్తారు. అతను ఆ పక్కచూపునే క్లిక్ మనిపిస్తాడు.

గణేష్‌కు ఉద్యోగం వచ్చింది. గుర్తింపు కార్డుకు ఫోటో కావాలని వస్తే, కోటేష్ భయభక్తులతో దేన్నీ ముట్టుకోకుండా, ఉన్నదున్నట్టు తీసి ఇచ్చాడు.

"గిదేంది అన్నా, నల్లగొచ్చింది?"

"నువ్వు నల్లగనే ఉన్నవు గదా తమ్మీ."

"ఉంటే? ఇల్లందు మొత్తాన్ని తెల్లగ చేసినవు, నేనొక్కన్నే దొరికిననా?"

కోటేష్ నిట్టూర్చి, కంప్యూటరు ముందు కూర్చుని అలకడం మొదలుపెట్టాడు.

హేమ్లి మాత్రం కొడుకు స్టూడియో గడప మళ్లీ తొక్కలేదు. రేషన్ కార్డుకు ఫోటో కావాల్సి వచ్చినప్పుడు బస్సెక్కి కొత్తగూడెం వెళ్లి తీయించుకుని వచ్చింది. అందులో నల్లగా, ముడతలతో, ఫోటో తీసినవాడి మీద కూడా కోపంగా ఉంది. కోటేష్ దాన్ని చాలాసేపు చూసి, కొంచెం ఫోకస్ తప్పిందన్నాడు.