తెల్లగుడ్డ చుట్టిన పిడికిలి

మా బామ్మర్ది కుడిచెయ్యి సుత్తి కింద నలిగినప్పుడు నేను పదడుగుల దూరంలో కిటికీ చువ్వలకు రంగు వేస్తున్నాను. ఎముక విరిగితే పెద్ద చప్పుడేమీ రాదు. ఎండిన కందికట్టె విరిచినట్టు ఉంటుంది, అంతే. అరుపే పెద్దది. ఆ అరుపు విని కూడా నేను కుంచె కింద పెట్టలేదు. ఈ మాట ముందే రాసేస్తే మిగతాది రాయడం సులువు.

అది ఒమాన్‌లో ఇబ్రి. ఎనభైల చివరి సంవత్సరాలు. మాది కరీంనగర్ వైపు పల్లె. కంపెనీలో నేను పెయింటర్ని, మా ఆవిడ తమ్ముడు సెంట్రింగ్ పనిలో ఉండేవాడు. వాణ్ణి అక్కడికి పిలిపించుకున్నది నేనే. వాడు ఏడో తరగతి చదివాడు. నాకు అక్షరం ముక్క రాదు. కానీ చెయ్యి తిరిగినవాణ్ణి. అరబ్బీ బోర్డయినా ఇంగ్లీషు బోర్డయినా నమూనా ముందు పెడితే గీత తప్పకుండా దించేవాణ్ణి. నాకన్నీ బొమ్మలే కదా.

శుక్రవారం సెలవు. ఆ రోజు వాడు బజారులో వీడియో గేముల దుకాణానికి పోయేవాడు. బీరువాలంత యంత్రాలు నాలుగు ఉండేవి అందులో. ఒకదాంట్లో నల్లబట్టల మనిషొకడు చీకటి వీధిలో నడుస్తూ ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ గుద్ది చంపుతాడు. వాడి కుడి పిడికిలికి తెల్లగుడ్డ చుట్టి ఉంటుంది. వాడికి ఏదో పేరుంది గానీ మా రూమ్ వాళ్ళు గుడ్డచేతోడు అనేవాళ్ళు. ఆ ఆటలో మా బామ్మర్దిని మించినవాడు ఇబ్రిలో లేడు. ఎదురొచ్చినవాళ్ళ దవడలు పగలగొట్టుకుంటూ ఆఖరి వీధి దాకా పోయేవాడు. వెనక నిలబడి జనం కేకలు వేసేవారు. వారమంతా తిట్లు తిన్నవాడికి ఆ కేకలు ఎంత తియ్యగా ఉంటాయో చెప్పక్కర్లేదు.

మా ఫోర్‌మన్ మా వైపువాడే. మా మాటే మాట్లాడేవాడు, అందుకే వాడి తిట్లు సూటిగా తగిలేవి. కుడి మణికట్టుకు లావుపాటి రాగి కడియం ఉండేది. ఒక శుక్రవారం డ్యూటీకి రమ్మంటే మా బామ్మర్ది పోలేదు. మర్నాడు పొద్దున్నే ఫోర్‌మన్ వాణ్ణి సైట్లో పిలిచాడు.

"నిన్న ఏడికి వోయినవ్ రా?"

"సెలవు సార్ నిన్న."

"సెలవని నాకెర్కలేదా? ఏడికి వోయినవంటున్న."

"ఆటకు."

"ఏ చేత్తోటి ఆడుతవ్?"

మావాడు అది నవ్వులాట అనుకున్నాడు. నవ్వుతూనే కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. ఫోర్‌మన్ ఆ మణికట్టు పట్టి సెంట్రింగ్ పలక మీద అదిమి, పక్కనున్న సుత్తి తీసుకుని కొట్టాడు. ఒకసారి. మావాడు చెయ్యి లాక్కోబోతే ఇంకోసారి. "ఇగ ఆడుకో పో" అని సుత్తిని ఇసుకలోకి విసిరేశాడు. ఇరవై మందిమి ఉన్నాం. ఒక్కడూ నోరెత్తలేదు.

మధ్యాహ్నం ఫోర్‌మనే ఒక కాగితం, సిరా డబ్బీ పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"దవాఖానకు ఇయ్యాలె. సాక్షి కింద ఏలిముద్ర ఎయ్యి."

"ఏం రాసిన్రు సార్ ఇండ్ల?"

"నీకు సదువొస్తదా? రానప్పుడు అడుగుడెందుకు?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను కూడా నవ్వాను. ముద్ర వేశాను. చదువు రాకపోతే మనిషి గుడ్డివాడు కాడు. సుత్తితో కొట్టినవాడు తెచ్చిన కాగితంలో సుత్తి మాట ఉండదని నాకు తెలుసు. తెలిసే వేశాను.

మావాడు మోచేతి దాకా తెల్లకట్టుతో రూముకొచ్చాడు. ఆ కాగితం సంగతి వాడికి అప్పటికే ఎవరో చదివి చెప్పారు. తాగి డ్యూటీకొచ్చి పరంజ మీద నుంచి పడ్డాడని, తన బావే కళ్ళారా చూశాడని అందులో ఉందట. పది రోజుల్లో ఇంటికి పంపేస్తారు. ఆ కాగితం వెంట ఉన్నవాణ్ణి మళ్ళీ ఏ కంపెనీ పిలవదు.

"బావా, నేను పరంజ మీదికెల్లి పడ్డనా?"

నేను గోడ వైపు చూశాను.

"నేను తాగంగ ఎప్పుడన్న సూసినవా? అక్కకు సుత గిట్లనే చెప్తవా?"

"ఊకోరా."

"లేబర్ ఆఫీసుకు రా. సుత్తితోటి కొట్టిండని ఒక్క మాట చెప్పు. గంతే."

"చెప్తె నన్ను సుత ఇరగ్గొడ్తడు."

"నన్ను కొట్టినప్పుడు నీ చేతుల కుంచె ఉండె. గందుకే రాలేదనుకున్న. ఇప్పుడేమున్నది బావా చేతుల?"

మా ఆవిడ కూడా నన్ను ఎప్పుడూ అంత మాట అనలేదు.

ఆ వారమే గేముల దుకాణం యజమాని కబురు పెట్టాడు. ముసలి ఒమానీ, నెరిసిన గడ్డం. దొర అన్నట్టు అందరం అర్బాబ్ అనేవాళ్ళం. దుకాణం పక్కగోడ మీద గుడ్డచేతోణ్ణి నిలువెత్తున గీయమన్నాడు. నమూనాలని మూడు వస్తువులు నా ముందు పడేశాడు. ఒకటి ఇంట్లో ఆడుకునే గేము అట్టపెట్టె, రెండోది బొమ్మల పుస్తకం, మూడోది కార్టూన్ సినిమా క్యాసెట్టు. మూడింట్లోనూ వాడే. కానీ ఏ ఇద్దరూ ఒక్క తీరుగా లేరు.

అట్టపెట్టె మీద వాడికి గడ్డముంది, కండలు గుమ్మడికాయల్లా ఉన్నాయి, చేతి గుడ్డలోంచి నెత్తురు కారుతోంది. పుస్తకంలో పదహారేళ్ళ పిల్లాడు. చిన్నప్పుడు ఇల్లు తగలబడితే చెల్లెల్ని లాగబోయి చెయ్యి కాల్చుకున్నాడట, అందుకే గుడ్డ. ఆ కథను అర్బాబే వచ్చీరాని ఉర్దూలో నాకు చదివి చెప్పాడు. క్యాసెట్టు మీద నెత్తురూ లేదు, మంటా లేదు. గుడ్డ నీలంగా మెరుస్తోంది, అదేదో మంత్రశక్తి అట.

"ఏది అసలు?" అని అడిగాను.

యంత్రాలు బాగుచేసే మలయాళీ ఒకడు అక్కడే మూలన వెనక తలుపు ఊడదీసుకుని కూర్చున్నాడు. వాడు పగలబడి నవ్వాడు. నన్ను తెర దగ్గరికి ముక్కు తగిలేంతగా లాక్కుపోయాడు.

"చూడు భాయ్. వీడు మనిషే కాదు, చిన్న చిన్న రంగు గళ్ళు. ఒంటి మీద నల్లబట్టలు, వెనక నల్లటి వీధి. గుద్దితే పిడికిలి కనబడాలి కదా? అందుకని పిడికిలికి తెల్లగళ్ళు పెట్టారు. అంతే. గాయం లేదు, మంట లేదు. అట్టపెట్టె గీసినవాడు ఆట ఆడి ఉండడు. తెల్లగా ఉంటే కట్టు అనుకున్నాడు, కట్టుంటే నెత్తురుండాలి అనుకున్నాడు. పుస్తకం వాడికి ఆ నెత్తురుకు కథ కావాల్సొచ్చింది. సినిమావాడికి చిన్నపిల్లలు చూడాలి, అందుకని నెత్తురు తీసేశాడు."

తగలని దెబ్బకు ఇన్ని కథలు. తగిలిన దెబ్బకు, నా వేలిముద్ర కింద, పరంజ.

సాయంత్రం డ్యూటీ దిగాక రోజూ గోడ దగ్గరికి పోయి గీశాను. బట్టలు తెరమీదివే వేశాను. ముఖం పుస్తకంలోదే దించాను. చెయ్యి దగ్గరికొచ్చేసరికి మూడు నమూనాలూ పక్కన పెట్టేశాను. పలక గీశాను. పలక మీద అదిమిపట్టిన చెయ్యి, విరిగి పక్కలకు తిరిగిన వేళ్ళు, జారిపోయిన గుడ్డ. పైన ఎత్తిన సుత్తి. సుత్తి పట్టుకున్న చేతికి రాగి కడియం. కడియానికి రాగి రంగు కుదరక ఎరుపులో పసుపు మూడుసార్లు కలిపాను. ఆ చెయ్యిగల మనిషిని గీయలేదు. మోచేతి దగ్గర గోడ అయిపోయింది.

అర్బాబ్ వచ్చి చూశాడు. "ఇది ఏ ఆటలో ఉంది?" అన్నాడు.

"సైట్‌లో ఉంది అర్బాబ్" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. అప్పటికీ నాకు నోరు రాలేదు.

రెండు రోజులకు మా కంపెనీ పికప్ ఆ వీధిలో ఆగింది. ఫోర్‌మన్ దిగాడు. నేను నిచ్చెన మీద ఉన్నాను. ముందు బొమ్మ చూశాడు, తర్వాత తన మణికట్టు చూసుకున్నాడు.

"ఎవని చెయ్యిరా అది, బాడ్కావ్?"

"ఆటల చెయ్యి సార్."

నిచ్చెన లాగేశాడు. కింద పడ్డాక కడుపులో తన్నాడు. రంగు డబ్బా తీసి ముఖాన కొట్టాడు, పై పన్ను ఒకటి ఊడి నాలుక మీదికొచ్చింది. నల్ల ఎనామిల్ కళ్ళల్లో పడింది. నేను తిరగబడ్డానని రాయాలని ఉంది గానీ తిరగబడలేదు. తల దాచుకుని కుక్కలా ముడుచుకున్నాను. ముసలి అర్బాబ్ చేతికర్ర పట్టుకుని దుకాణంలోంచి పరుగెత్తుకొచ్చాడు. ఆ కర్రతో ఫోర్‌మన్ వీపు మీద రెండు వేశాడు. "నా గోడ దగ్గర నా మనిషిని కొడతావా?" అని అరబ్బీలో అరుస్తున్నాడు. ఫోర్‌మన్ చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి అక్కడే ఆగింది. అర్బాబ్ ఆ చేతి కడియం చూశాడు. గోడ చూశాడు. మళ్ళీ కడియం చూశాడు.

మర్నాడు మా బామ్మర్దినీ నన్నూ తన బండిలో ఎక్కించుకుని లేబర్ ఆఫీసుకు తీసుకుపోయింది ఆయనే. నా పెదవి వాచి వేలాడుతోంది. అక్కడి అధికారి ఆ కాగితం తెప్పించాడు. హిందీ వచ్చిన గుమాస్తా దాన్ని చదివి వినిపించాడు. నా మాటగా రాసిన మాటలు నేను అప్పుడే మొదటిసారి విన్నాను.

"ఈ ముద్ర నీదేనా?"

"నాదే."

"ఇందులో ఉన్నది నిజమేనా?"

మావాడు నా వైపు చూడలేదు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నేలనే చూస్తున్నాడు.

"అబద్ధం. సుత్తితో కొట్టాడు. రెండుసార్లు. నేను చూస్తూ రంగు వేసుకున్నాను."

"మరి ముద్ర ఎందుకు వేశావు?"

"భయమేసి."

గుమాస్తా కొత్త కాగితం రాశాడు. దాన్ని మూడుసార్లు చదివించుకుని గానీ వేలు పెట్టలేదు. వాడు విసుక్కున్నాడు. విసుక్కోనీ.

ఫోర్‌మన్‌కు ఏ శిక్షా పడలేదు. వేరే ఊరి సైటుకు మార్చారు, అంతే. అక్కడ ఎవరి చేతులు విరగ్గొట్టాడో తెలియదు. మావాడి కాగితంలోంచి తాగుడు, పరంజ రెండూ పోయాయి, సుత్తి వచ్చింది. కానీ మూడు వేళ్ళు మళ్ళీ వంగలేదు. వంగని వేళ్ళతో సెంట్రింగ్ పని కాదు, ఇంటికే పోయాడు. బస్సెక్కే ముందు గోడ చూస్తానంటే తీసుకుపోయాను. కాసేపు చూశాడు.

"బావా, తప్పు గీసినవ్."

"ఏంది?"

"బొటనేలు ఇరగలే. గది మంచిగనే ఉన్నది." తన చెయ్యి ఎత్తి చూపించాడు. ఈసారి కూడా నవ్వుతూనే ఎత్తాడు. నేను డబ్బా మూత తీసి ఆ బొటనవేలు సరిచేశాను. సరిచేసేదాకా వాడు అక్కడే ఉన్నాడు.

ఊరికి చేరాక ఎడంచేత్తో ఉత్తరం రాశాడు. కాకిగోళ్ళలా ఉన్నాయి అక్షరాలు. రూమ్‌లో ఎవరి చేతా చదివించుకోబుద్ధి కాలేదు. చదవలేని కాగితంతో నేను ఏం చేశానో నాకు తెలుసు. గోదావరి వైపు పెయింటరొకడు ఉండేవాడు, వాడి ముందు నలభై ఆరేళ్ళ వయసులో కూర్చుని ఓనమాలు దిద్దాను. ఉత్తరం మొత్తం చదవడానికి ఎనిమిది నెలలు పట్టింది. అందులో ఉన్నది, అక్క బాగుంది, వానలు లేవు, నేను ఎడంచేత్తో అన్నం తింటున్నాను. అంతే.

తొంభైలు సగం గడిచాక అర్బాబ్ కొత్త యంత్రం తెచ్చాడు. గుడ్డచేతోడు అందులో ఇటూ అటూ తిరిగే నిండు మనిషయ్యాడు. గుడ్డ పోయింది, ఇనుప చెయ్యి వచ్చింది. ఇప్పుడు చెయ్యి కనబడటానికి తెల్లగుడ్డ అక్కర్లేదని మలయాళీ చెప్పాడు. గోడ కూడా మార్చమన్నాడు అర్బాబ్. విరిగిన వేళ్ళ మీద వెండిరంగు వేశాను. రెండు పూతలు పట్టింది. సుత్తిని, కడియాన్ని కూడా చెరిపేస్తానంటే ఆయన వద్దన్నాడు. "బాగుంది, ఉండనీ" అన్నాడు. ఎందుకు వద్దన్నాడో నేను అడగలేదు.

ఆటకొచ్చే పిల్లలు కొన్నాళ్ళకు దానికీ కథ అల్లేశారు. ఇనుప చెయ్యి తయారుచేసింది ఆ సుత్తితోనేనట. కడియమున్న చెయ్యి గుడ్డచేతోడి గురువుదట. అలా కాదని ఒకసారి చెప్పబోయాను.

"చాచా, నువ్వు ఈ ఆట ఎప్పుడైనా ఆడావా?" అన్నాడొకడు.

ఆడలేదు. ఒక్కసారి కూడా ఆడలేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను, నా చేత్తో, ఎవరినీ అడక్కుండా. ఆ సుత్తి ఏ చెయ్యీ తయారుచెయ్యలేదు. మా బామ్మర్ది చెయ్యి విరగ్గొట్టింది. శనివారం పొద్దున, రెండు దెబ్బలు. పదడుగుల దూరంలో నేనున్నాను.