మా నల్లా పీకించిన బ్యాంకు మీద ముప్పై ఆరు ఉత్తరాలు

మా గల్లీ నల్లాను పీకించిన బ్యాంకుకు మన సర్కారు మళ్లీ డబ్బు కట్టబోతోంది. అదీ మన పన్నుల్లోంచి, పార్లమెంటు ఒప్పుకోలుతో. అన్యాయం ఇంతే. మిగతాదంతా వివరం.

ఆ బ్యాంకు ఉప్పల్ చౌరస్తాలో బోర్డు కట్టుకుని కూర్చునే రకం కాదు. సముద్రాల అవతల ఉండి దేశాలకు అప్పులిస్తుంది. దాని మూలధనంలో మన వాటా కూడా ఉంది. అంటే మనం చందా వేసిన గల్లాపెట్టెలోంచే మనకు అప్పిచ్చి, పైన షరతులు పెడుతుంది. పేరు రాయను. ఇప్పటికే దానికి పేరు ఎక్కువైంది.

నాచారంలో మా మలుపు దగ్గర ఒక వీధి నల్లా ఉండేది. మల్లాపూర్ కార్ఖానాలకు షిఫ్టు మీద పోయేవాళ్లు అక్కడే ముఖం కడుక్కుని, సీసా నింపుకుని కదిలేవారు. నేనూ ఆ కార్ఖానాల్లోనే ఒకదాంట్లో, ఇనుప ముక్కలను కొలతకు చెక్కే లేత్ మిషన్ మీద పని చేసేవాణ్ణి. ఒక పొద్దున సైకిల్ మీద పోతుంటే ఇద్దరు మనుషులు పానా పెట్టి ఆ నల్లాను విప్పుతున్నారు. ఎందుకని అడిగాను. "పైనుంచి ఆర్డరన్నా" అన్నాడు ఒకడు. ఎంత పైనుంచి అని అడిగితే, ఆకాశం వైపు ఒకసారి చూసి మళ్లీ పానా తిప్పాడు.

ఎంత పైనుంచో కనుక్కోవడానికి నాకు గ్రంథాలయంలో చాలా ఏళ్లు పట్టింది. బడి ఏడో తరగతిలో ఆగినవాడికి ఇంగ్లీషు పేపరు అంత తొందరగా లొంగదు. చివరికి తేలింది ఇది: నీళ్ల ప్రాజెక్టుకు ఆ బ్యాంకు అప్పిచ్చింది, ఉచితంగా నీళ్లిచ్చే వీధి నల్లాలు ఉండకూడదని షరతు పెట్టింది. ఇళ్లకు మీటర్లు బిగించారు. ఇళ్లలో నీళ్లు వచ్చాయి, అబద్ధం చెప్పను. రోడ్డు మీద బతికేవాళ్లకే రాలేదు.

మా మలుపులో ఇడ్లీ బండి నడిపే ఆవిడ ఆ నల్లాను చూసుకునే అక్కడ బండి పెట్టింది. నల్లా పోయింది, బండి మిగిలింది. ఇప్పుడు నీళ్ల క్యాన్ల ఆటో వస్తేనే ఆమె పొయ్యి వెలుగుతుంది. ఆటో ఆలస్యమైతే షిఫ్టువాళ్లు ఆకలితోనే పనికెళ్లిపోతారు, ఆమె పిండి పులుస్తుంది.

ఈ మధ్య పేపర్లో చదివాను, ఆ బ్యాంకు మూలధనం పెంచుకుంటోందట. మన వాటా కట్టడానికి వచ్చే సమావేశాల్లో పద్దు పెడతారట. ఆ పేజీ మీదే నేను ఉడికిపోతుంటే, నా భార్య చల్లారిన గ్లాసు తీసుకుంటూ, "గా బ్యాంకోళ్లు నీ చాయ్ గూడ గుంజుకపోయిన్రా ఏంది?" అంది.

ఎంపీకి రాయాలని తేల్చుకున్నాను. ఒక్కడు రాస్తే పిచ్చివాడంటారు, గల్లీ అంతా రాస్తే వింటారు. ఇల్లిల్లూ తిరిగి విషయం చెప్పాను. అందరూ సంతకం పెడతామన్నారు గానీ, రాయడం మాత్రం నన్నే చూసుకోమన్నారు. అది నాకు బరువనిపించలేదు. లేత్ మీద పనిచేసినవాడికి ఒక గర్వం ఉంటుంది: మొదటి పీసుకూ చివరి పీసుకూ వెంట్రుకవాసి తేడా రాకూడదు. ముప్పై ఆరు ఉత్తరాలు అలాగే రాశాను. పంక్తి పంక్తి కింద కూర్చుంది, ఎక్కడా ఒక్క కొట్టివేత లేదు. కోనసీమ నుంచి వచ్చి మా పక్కింట్లో స్థిరపడిన రిటైర్డు టీచరు గారు రెండు కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు చూశారు. "అన్నగారూ, ఇవి ఉత్తరాలా, అచ్చు వేయించారా?" అన్నారు. నేను పొంగిపోయాను. ఆయన హెచ్చరించారని తరువాత గానీ తెలియలేదు.

సంతకాలు పెట్టించి పంపాక మూడు వారాలైనా జవాబు లేదు. హబ్సిగూడ దాకా నడిచి ఎంపీ గారి ఆఫీసుకు పోయాను. అక్కడి గుమాస్తా కట్ట తీసి బల్ల మీద పరిచాడు.

"పెద్దాయనా, కాయితాలు ముప్పై ఆరు, చేతిరాత ఒక్కటే. మేం ఒక్క ఉత్తరం కిందనే రాసుకున్నం. ఎవరి బాధ వాళ్లు రాస్తేనే సార్ ముందల పెడత."

నా జీవితంలో ఒకే కొలతకు తీసిన పీసులను వెనక్కి తిప్పి పంపింది అతనొక్కడే.

మళ్లీ ఇల్లిల్లూ తిరిగాను. సొంతంగా రాయాలనగానే ఐదుగురు జారుకున్నారు. ఒకాయన బ్యాంకుతో మొదలుపెట్టి వీధికుక్కలతో ముగించాడు. దిద్దబోతే నా భార్య చేయి పట్టుకుంది. ఇడ్లీ బండి ఆవిడకు రాయడం రాదు. ఆమె చెబుతుంటే నా భార్యే రాసింది. నన్ను మాత్రం చట్నీ గిన్నె దగ్గర కూర్చోమన్నారు. అక్కడినుంచే విన్నాను.

"రాయి వదినె. మా నల్లా పీకనీకి పైసలిచ్చినోళ్లకు మీరు మల్ల పైసలిస్తున్నరంట. ఇంకేం పీకనీకి ఇస్తున్నరో జర చెప్పి ఇయ్యున్రి."

అంతే, వేలిముద్ర వేసింది. ఇన్నేళ్లు గ్రంథాలయంలో కూర్చుని నేను ఆ మాట దాకా రాలేకపోయాను. కొంచెం కుళ్లుకున్నాను కూడా. ఆ కుళ్లుతోనే ఇంటికి పోయి నా సొంత ఉత్తరం రాశాను. పానా, ఆకాశం, షరతు, ఏదీ వదల్లేదు. పదకొండు పేజీలు వచ్చింది.

చదివేవారికి ఒక మాట. మీకూ ఒక ఎంపీ ఉన్నాడు. పద్దు సభకు రాకముందే రాయండి. మీ చేత్తో, మీ నోటి మాటతో. నాలుగు వాక్యాలు చాలు. నాలుగు చాలని నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

పోయిన శనివారం జవాబు వచ్చింది. నా భార్యే కవరు చింపి, బండి దగ్గర అందరూ వినేలా చదివింది:

"మీ గల్లీ నుంచి వచ్చిన ముప్పై ఒక్క ఉత్తరాలు అందాయి. ఆ బ్యాంకుకు అదనపు నిధులిచ్చే పద్దు చర్చకు వచ్చినప్పుడు వ్యతిరేకంగా మాట్లాడతాను. ఇడ్లీ బండి అమ్మ రాయించిన మాటను ఉన్నదున్నట్టు సభలో చదవాలనుకుంటున్నాను. ఆమెను అడిగి తెలియజేయగలరు. తమరి ఉత్తరంలో ఆరో పేజీ దాకా వచ్చాము. మిగతా పేజీలకు జవాబు, అవి చదివిన తరువాత."