బీడీ లేకుండ ఒడ్డెక్కిన అవ్వ

మొన్న జడ్చర్ల బస్టాండుల నా పక్కన నిలవడ్డ పోరడు జేబుల నుంచి పెన్నసొంటి ఈ-సిగరెట్టు తీసి పీల్చి వదిలితే గుప్పున మామిడిపండు వాసనొచ్చింది. సర్కారు బంద్ పెట్టినా ఇవి దొరుకుతనే ఉన్నయి. "గిది పొగ గాదక్కా, ఉత్త ఆవిరి," అన్నడు. నాకు మండింది. "నన్ను కన్న అవ్వ నోరు చూసినదాన్ని, నాకు చెప్పకు తమ్మీ," అన్న.

మాది హాలియా దిక్కు, కాలువ కింది ఊరు. తెలంగాణ వచ్చిన కొత్తల నేను బడికి పోయేదాన్ని. నాట్ల కాలంల ఆదివారమొస్తే అవ్వ ఎన్కనే పొలానికి ఉరికేదాన్ని. దున్నిన బురద వాసన, తడిసిన నారు కట్టలు, జొన్నరొట్టె మీద మామిడికాయ తొక్కు, వంగి నాటేసుకుంట ఒకరెన్క ఒకరు పాటందుకునే ఆడోళ్లు, అన్నిటి మీద సన్నగ తేలే బీడీ పొగ, అదంత నాకు పండుగనే.

ఆ పొలాల్ల ఒక రివాజుండేది. పని నడుమ బీడీ తాగేటోళ్లు ఒడ్డెక్కి కూసుండొచ్చు. తాగనోళ్లు నడుమెత్తకుండ నాటెయ్యాలె. అవ్వ కొత్తకోడలిగ వచ్చినప్పుడు బీడీ నేర్చింది పొగ మీద ఇష్టంతోని గాదు, జర కూసునేటందుకు!

ఓ ఏడు అవ్వ బుగ్గ లోపల తెల్లమచ్చ లేచింది, కారం తగిలితే ఒకటే మంట. బీడీ మానకుంటే ఇది క్యాన్సరయ్యే ముప్పున్నదని సర్కారు దవాఖానల డాక్టరమ్మ ఖరాఖండిగ చెప్పింది. అవ్వ ఇంటికొచ్చి బీడీ కట్ట పొయ్యిల పడేసింది. అందరి మీద కస్సుమన్నది, సోంపు నములుకుంట తిరిగింది, అయినా ముట్టలే.

తిప్పల పొలంల వచ్చింది. అందరు ఒడ్డెక్కితే తానొక్కతే బురదల. నడుం ఇరిగిపోతుంటే ఓ ఆదివారం ఇగ ఓర్వలేక పక్కింటి ఎల్లమ్మ తాన బీడీ అడుక్కొని కూసున్నది. "ముట్టియ్యనే, ఊకె చేతిల పట్టుకుంట," అన్నది. ఎల్లమ్మ అలవాటు కొద్ది అగ్గిపుల్ల గీసి ముందట పెట్టింది. అవ్వ బీడీ పెదవుల నడుమ పెట్టుకొని వంగింది.

"అవ్వా!" అని ఒర్లిన.

నా మొకం చూసింది. బీడీని బురదల విసిరికొట్టి అట్లనే కూసున్నది.

పొలం పటేలు చూడనే చూసిండు. "ఏం లచ్చమ్మా, బీడీ బంజేసినవ్ గదా, మరెందుకు కూసున్నవ్?"

"బీడీ బంజేసిన పటేలా, నడుం బంజేసిన్నా? నొస్తాంది, కూసున్న."

ఒడ్డు మీద ఆడోళ్లందరు పక్కున నవ్విండ్రు. పటేలు అవతలికి పోయిండు. మళ్ల నాట్లకు బీడీ అలవాటు లేని పడుచు కోడండ్లు గూడ అవ్వ పక్కకొచ్చి కూసున్నరు, కూసునేటందుకు పొగ నేర్చే కర్మ వాళ్లకు పట్టలే. అవ్వ నోట్ల మచ్చ మెల్లగ పలచబడ్డది. ఎంత గట్టిదమ్మా మా అవ్వ!

ఇప్పుడు ఆ పొలాల్ల మిషిను నాటేస్తాంది. పాటలు లేవు, ఒడ్డు మీద ముచ్చట్లు లేవు, బురదకాళ్లతోని రొట్టె తినుడు లేదు. అవ్వ మాత్రం ఉన్నది. నేను ఇంటికి పోయినప్పుడల్లా వాకిట్ల ఎలుగుకు తిరిగి నోరు తెరుస్తది. "సూడు బిడ్డా, మల్ల ఏమన్న లేచిందా?" అంటది. సెల్లు లైటేసి బుగ్గ లోపలంత వెతుకుత. రెండు బుగ్గలు రెండుమాట్ల చూసినంకనే "ఏం లేదవ్వా," అని లైటు బంజేస్త.